ఈతకొలనుకి దుప్పటి కప్పిన వానమ్మ

మా పెరటి గోడకి అవతల చాలాకాలం పిచ్చిమొక్కలు తప్ప ఏమీ ఉండేవి కావు. అక్కడ ఊరందరికీ పనికొచ్చే ఈతకొలను కడతారని తెలిసిన రోజునే మా ఆయన చేత గోడ పక్కన ఒక చెక్కపెట్టె వేయించుకున్నాను. దాని మీద నిలబడితే నా గడ్డం సరిగ్గా గోడ అంచు మీదికి వస్తుంది. "నీకెందుకే ఆ గొడవంతా?" అని ఆయన పెట్టె మోస్తూనే అడిగాడు. పెళ్ళయినప్పటి నుంచీ అదే మాట అడుగుతున్నాడు పాపం.

మొదటిసారి గోడ మీద గడ్డం ఆనించానో లేదో, ఇంత లావు నీటిధార వచ్చి మొహానికి కొట్టింది.

"అయ్యయ్యో! గోడకి తలకాయ మొలిచిందేమిటా అనుకున్నా. ఏమీ అనుకోకక్కా, తుడుచుకో" అంటూ అవతల నుంచి ఒకావిడ పకపకా నవ్వింది.

ఆవిడే వానమ్మ. అసలు పేరు ఇంకేదో ఉంది గానీ దాంతో పిలిస్తే ఆవిడే వెనక్కి తిరిగి చూడదు. వయసు యాభైకి అటూ ఇటూ. మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు, ఒకటి నలుపు, ఒకటి ఆకుపచ్చ. రెండు జతల్లోనూ చెరొకటి చిరిగిపోతే మిగిలిన రెంటికీ పెళ్ళి చేశానంటుంది. ఒంటి మీద మగవాళ్ళ చొక్కా, తలకి బిగించి చుట్టిన గుడ్డ, భుజాన నీళ్ళ గొట్టం. ఆ గొట్టాన్ని ఈడ్చుకుంటూ సైటంతా తిరుగుతుంటే, పెంచుకున్న జంతువేదో వెంట నడిచి వస్తున్నట్టు ఉంటుంది.

కొత్తగా పోసిన కాంక్రీటుకి నీళ్ళు పట్టడం ఆవిడ పని. దాన్ని వాళ్ళు క్యూరింగు అంటారు. కాంక్రీటు ఎండకి ఎండి గట్టిపడుతుందని నేను ఇన్నేళ్ళూ అనుకున్నాను. కాదట. ఎండితే పాడవుతుందట. నీళ్ళు తాగుతూ తాగుతూ గట్టిపడుతుందట.

"పురిటిబిడ్డ లాంటిదక్కా. మొదటి రోజుల్లో సరిగ్గా పాలు పడితేనే తర్వాత దిట్టంగా ఉంటుంది. ఇంజనీర్లు కనేసి వెళ్ళిపోతారు. పెంచేది నేను" అంది వానమ్మ.

వయసులో ఉన్నప్పుడు ఇటుకలు మోసేదట. పెద్దకొడుకు కడుపులో పడ్డాక బరువులెత్తలేక దిగులుగా కూచుంటే, అప్పటి మేస్త్రి "ఊరికే కూచోకు, ఆ గొట్టం పట్టుకో" అన్నాడట. ఎవరికీ ఇష్టంలేని పని అది. రోజంతా తడవాలి, సాయంత్రానికి చేసిన పని కంటికి కనిపించదు. వానమ్మకి మాత్రం ఆ ఒక్క పూటలోనే నీళ్ళ రుచి తెలిసింది. "సాయంత్రం మేస్త్రి వచ్చి గొట్టం అడిగితే ఇవ్వలేదు. ఇంతవరకూ ఎవ్వరికీ ఇవ్వలేదు" అని చెబుతుంది గర్వంగా.

ఆవిడతో కలిసి బజారుకి వెళ్ళడం మాత్రం పెద్ద పరీక్ష. ఆస్పత్రి మెట్లు కనిపిస్తే ఆగుతుంది, బస్సుల షెడ్డు కనిపిస్తే ఆగుతుంది. "దీనికి నీళ్ళు తాపింది నేనే" అని చెప్పి, గోడని నిమిరి, "బాగున్నావా?" అని పలకరిస్తుంది. ఒకసారి బ్యాంకు గోడని అలా నిమురుతుంటే కాపలాదారు కర్ర పట్టుకుని లేచాడు. ఆయనకి కూడా ఆ గోడ చిన్నప్పటి కబుర్లన్నీ చెప్పాకే కదిలింది.

మొగుడు ఇనపకమ్ములు వంచే మేస్త్రి. "ఆయన ఇనుము వంచుతాడు, నేను ఆయన్ని వంచుతాను. కష్టం ఎవరిదో నువ్వే చెప్పక్కా" అంటుంది. పిల్లలు స్థిరపడ్డారు. ఒంట్లో ఓపిక ఉంది. ఆవిడకి ఉన్న భయం ఒక్కటే, దుమ్ము. ఇసుక జల్లించే చోట కాసేపు నిలబడితే చాలు, ఆయాసం ముంచుకొచ్చి గొంతులో పిల్లికూతలు మొదలవుతాయి. నీళ్ళ దగ్గర ఉన్నంతకాలం ఆ బాధ దగ్గరికి రాదు. అందుకే ఆ గొట్టం ఆవిడకి పనిముట్టు కాదు, ఊపిరి.

అలాంటి మనిషి ఒకరోజు మొహం ముడుచుకుని గోడ దగ్గరికి వచ్చింది.

"అక్కా, నా మీద చాడీలు చెప్పడానికి పెట్టెలు తెప్పించారు."

ఇక గోడ ఇవతల నేనెలా ఉంటాను? పొయ్యి ఆర్పేసి, చెప్పులేసుకుని, గేటు చుట్టూ తిరిగి సైటులోకి వెళ్ళాను. మేనేజరు ఒక చెవికి ఫోను, రెండో చెవి మీద పెన్సిలు పెట్టుకుని అటూ ఇటూ తిరుగుతున్నాడు. "మీ తవ్వకాలకి మా గోడ బీటలు వారుతుందేమో చూడాలి" అని ఆయనకి ఒక మాట చెప్పి లోపలికి నడిచాను.

పంపుల మోటార్లు నిలబెట్టడానికి ఒక పెద్ద దిమ్మ పోయబోతున్నారు. అల్లిన ఇనపకమ్ముల మధ్య పాతికేళ్ళ ఇంజనీరు అమ్మాయి గొంతుక్కూచుని, సబ్బుబిళ్ళంత పెట్టెని కమ్మికి కడుతోంది. ఆ పెట్టెకి ఎలకతోక లాంటి చిన్న తీగ. వానమ్మ అప్పటికే ఆ అమ్మాయికి థర్మామీటరు పిల్ల అని పేరు పెట్టేసింది.

"ఏంటమ్మా అది?" అన్నాను.

"సెన్సారండీ అమ్మమ్మగారూ. దీని మీద కాంక్రీటు పోసేస్తాం. లోపల ఎంత వేడిగా ఉందో ఎప్పటికప్పుడు ఈ ఫోనుకి చెబుతుంది. బయటికి తీగలేమీ అక్కర్లేదు."

"పోసేశాక మళ్ళీ ఎలా తీస్తావు?"

"తియ్యనండీ. జన్మంతా అందులోనే."

"పాపం" అన్నాను. "అయినా కాంక్రీటుకి వేడేమిటి? పొయ్యి మీద పెట్టారా?"

"సిమెంటూ నీళ్ళూ కలిస్తే దానంతట అదే వేడెక్కుతుందండీ. మందంగా పోస్తే ఆ వేడి బయటికి పోలేక లోపలే ఉండిపోతుంది. ఎంత వేడిగా ఎన్నాళ్ళుందో తెలిస్తే, ఎంత గట్టిపడిందో కూడా లెక్క కట్టొచ్చు."

వానమ్మ వెనక నుంచి దెప్పింది. "నేను అరచెయ్యి ఆనించి చెప్పే మాటకి ఇంత హంగామా!"

"పైన ఎలా ఉందో మీ చెయ్యి చెబుతుంది పిన్నీ. లోపల నడుంలోతున ఎలా ఉందో చెప్పగలదా?"

వానమ్మ నోరు తెరిచి, మళ్ళీ మూసేసింది. ఆవిడ నోరు మూయగా నేను చూడడం అదే మొదలు. ఆ పిల్ల మీద నాకు గౌరవం పెరిగింది.

ఇక ఆ రోజు నుంచీ వానమ్మ ఆ దిమ్మ దగ్గర గొంతు తగ్గించి మాట్లాడడం మొదలుపెట్టింది. టీ తాగాలంటే దాని వెనక్కి పోయి తాగేది. "అది వేడి తప్ప ఇంకేమీ వినదే" అని నేను చెప్పినా నమ్మలేదు. "చాడీలు చెప్పేవాళ్ళు ఎప్పుడైనా ఒక్క చాడీతో ఆగారా అక్కా?" అంది.

పోత అయ్యాక ఆ అమ్మాయి ఒక ఫోనుని సైటు గదిలో మేకుకి తగిలించి, అంకెలు ఎలా చూడాలో వానమ్మకి చూపించి, వేరే సైటు పనుందని ఆ పూటకి వెళ్ళిపోయింది. వానమ్మ చూసింది. దిమ్మ లోపల అరవై దాటింది.

మనిషికి ఒక డిగ్రీ పెరిగితేనే ముక్కుతూ మూలుగుతూ పడుకుంటాం. దీనికి అరవై! నేను గోడ మీద నుంచి చూసేసరికి ఆవిడ చేపల దుకాణం నుంచి ఐసుగడ్డలు గోనెపట్టాలో మూటగట్టుకుని పరుగెత్తుకొస్తోంది.

"ఎవరికే జ్వరం?" అని అరిచాను.

"దిమ్మకి అక్కా! కాలిపోతోంది. నోరులేనిది, ఎవరితో చెప్పుకుంటుంది?"

పిల్లలకి నుదుటి మీద తడిగుడ్డ వేస్తామే, అచ్చం అలాగే, ఐసు నింపిన గోనెలు దిమ్మ నెత్తిన పరిచింది. బోరు నీళ్ళు సన్నగా వదిలింది. పక్కనే కూచుని "తగ్గిపోతుందిలే తల్లీ" అని జోకొట్టింది కూడా. చల్లటి చేపల వాసన మా పెరట్లోకి వచ్చి, మా పిల్లి గోడెక్కి కూచుంది.

మర్నాడు పొద్దున థర్మామీటరు పిల్ల గోనెలు తీసి చూసి, కిందపడిన వెంట్రుకని ఏరబోతున్నట్టు వంగి వేలితో తడిమింది. వెంట్రుక కాదు. బీట. ఒకటి కాదు, పైభాగమంతా అల్లుకుపోయాయి.

మేనేజరు చెవి నుంచి ఫోను తీశాడంటేనే విషయం పెద్దదని అందరికీ అర్థమైంది.

"దిమ్మ పోతే పోయింది, పగలగొట్టి మళ్ళీ పోసుకుంటాం. రేపు కొలను అడుగుని కూడా ఇలా చేస్తే ఎలా వానమ్మా? నీళ్ళు నిలిచేదెలా? నువ్వు ఇసుక జల్లెడ దగ్గరికి వెళ్ళు. ఇక్కడ గొట్టాలు బిగించి, టైము ప్రకారం వాటంతటవే నీళ్ళు చిమ్మేట్టు పెట్టిస్తాను."

వానమ్మ గొట్టాన్ని చుట్ట చుట్టి రెండు చేతులా గుండెకి హత్తుకుని నిలబడింది. పెద్దకొడుకుని బడికి పంపేటప్పుడు కూడా అంతలా పట్టుకుని ఉండదు.

థర్మామీటరు పిల్లే ముందుకొచ్చింది. "సార్, తప్పు నాదీ ఉంది. వేడెంతో చూపించాను గానీ ఏం చెయ్యాలో చెప్పలేదు. అడుగు పోసేటప్పుడు పిన్నినే ఉంచండి. నేను నేర్పిస్తాను."

మేనేజరు పెన్సిలుతో చెవి గోక్కున్నాడు. "సరే. అడుగుకి బీట పడకుండా, కొలను నిండాక చుక్క నీరు కారకుండా ఉంటే నీ గొట్టం నీదే. ఇక్కడే కాదు, మన ప్రతి సైటులోనూ. కారిందా, ఇసుకలోకి."

ఆ మధ్యాహ్నం ఇద్దరూ సిమెంటు బస్తాల మీద కూచున్నారు. నేనూ కూచున్నాను, నన్నెవరూ పిలవలేదు గానీ పొమ్మననూ లేదు.

"వేడి గాజుగ్లాసులో చన్నీళ్ళు పోస్తే ఏమవుతుంది పిన్నీ?"

"టప్పున పగులుతుంది."

"ఇదీ అంతే. లోపల వేడికి ఉబ్బుతుంటుంది, పైన మీరు చల్లబరిస్తే బిగుసుకుంటుంది. లోపలిది సాగమంటే పైది సాగనంటుంది. ఆ పెనుగులాటలో చర్మం చిట్లుతుంది."

వానమ్మ తలగుడ్డ విప్పి మళ్ళీ బిగించుకుంది. "అయితే ఇది మామూలు జ్వరం కాదన్నమాట. చలిజ్వరం. లోపల కాలిపోతుంటే పైన వణుకుతుంది. దుప్పటి కప్పాల్సిన బిడ్డకి ఐసు పెట్టిన దద్దమ్మ ఎవరు?"

"నువ్వే" అన్నాను.

"నేనే" అంది. అంతే, ముగ్గురం విరగబడి నవ్వాం.

"మధ్యలో ఎంత వేడున్నా కంగారు పడకండి. ఈ పై అంకె మధ్యలోది, దాని కిందది ఉపరితలానిది, మూడోది వాటి తేడా. మీరు ఆ మూడోదాన్ని పట్టుకోండి. ఇరవై దాటనివ్వకూడదు" అని చెప్పింది ఆ పిల్ల.

అప్పటి నుంచీ వానమ్మకి మూడో అంకె పిచ్చి పట్టుకుంది. బోరు నీళ్ళు నేరుగా పట్టడం మానేసి, డ్రముల్లో నింపి ఎండలో పెట్టి, గోరువెచ్చనయ్యాకే వాడేది. "నోరు తెరిచి అడగని దానికి వేన్నీళ్ళ స్నానం పోస్తున్నావా?" అని మేస్త్రులు ఎగతాళి చేస్తే, "మీకెవరూ పోయరని కుళ్ళు" అనేది.

కొలను అడుగు పోసే రోజు వచ్చింది. భూమిలో ఊట ఎక్కువట, కింది నుంచి నీళ్ళు పైకి నెట్టకుండా అడుగు బరువుగా ఉండాలని నడుం ఎత్తు మందాన పోశారు. వానమ్మ మొగుడు కట్టిన కమ్ముల మధ్య ఆ సబ్బుబిళ్ళంత పెట్టెలు, కొన్ని లోతున, కొన్ని పైన. లారీలు వస్తూనే ఉన్నాయి, పోస్తూనే ఉన్నారు. పోత ముగిసి పైభాగం కాస్త గట్టిపడగానే వానమ్మ తడిగోనెలు పరిచింది, వాటి మీద ప్లాస్టిక్ పట్టా కప్పింది. ఫోను మెళ్ళో వేసుకుంది. మూడో అంకె బుద్ధిగా పదీ పన్నెండు దగ్గర ఆడుకుంటోంది.

రెండు రోజులు పోయాక, సాయంత్రం టీ వేళకి గాలి మారింది. ఎక్కడి నుంచి వచ్చాయో నల్లటి మబ్బులు, వాటి వెంట ఎముకలు కొరికే చలిగాలి. మా ఆయన ఉన్ని దుప్పటి కప్పుకుని కుర్చీలో ముడుచుకున్నాడు. నేను కిటికీలు వేస్తుంటే గోడ అవతల నుంచి కేక.

"అక్కా! పంతొమ్మిది!"

పెట్టె ఎక్కాను. వానమ్మ మెళ్ళోని ఫోనుని మొహం ముందు పెట్టుకుని నిలబడింది. థర్మామీటరు పిల్ల వేరే ఊరి సైటులో ఉంది. ఫోనులోనే ఆమె గొంతు వినిపిస్తోంది. "పిన్నీ, పైభాగం చల్లబడిపోతోంది. మందంగా ఏదైనా కప్పాలి. నేను పంపమన్న దళసరి పట్టాలు వచ్చే వారానికి గానీ రావు. నీళ్ళు మాత్రం ముట్టుకోవద్దు!"

"ముట్టుకోనమ్మడూ, చేతులు కట్టేసుకున్నా" అంది వానమ్మ. నిజంగానే రెండు చేతులూ చంకల్లో దోపుకుంది. ఇన్నేళ్ళుగా ఏ కష్టమొచ్చినా గొట్టం విప్పిన మనిషి, ఇప్పుడు గొట్టం వైపు చూడకుండా నిలబడాలి.

"దుప్పట్లు కావాలక్కా! ఎన్ని దొరికితే అన్ని!"

నాకు ఇంకేం కావాలి? ఎవరింట్లో ఏ బీరువాలో ఎన్ని దుప్పట్లు ఉన్నాయో నాకు తెలిసినంతగా ఆ ఇంటివాళ్ళకి కూడా తెలియదు. ముందు మా ఆయన ఒంటి మీదిది లాగాను. "ఇదేం అన్యాయమే! నాకు చలేస్తుంటే!" అన్నాడు. "మీకు బీటలు పడవులెండి" అని చెప్పి వీధిలో పడ్డాను.

వీధి వీధంతా కదిలింది. దర్జీ బొంతలు తెచ్చాడు. రొట్టెల దుకాణం ఆవిడ ఖాళీ పిండిబస్తాలు తెచ్చింది. రిటైరైన హెడ్మాస్టరుగారు తన పాత ఓవర్‌కోటు తెచ్చి, "ఇది మంచులో కూడా పనిచేసింది" అని బటన్లు పెట్టి మరీ పరిచారు. మంగలి తెల్లగుడ్డలు తెస్తే, "ఇంత పల్చనివా? దానికి క్షవరం చేస్తున్నామనుకున్నావా?" అని వానమ్మ తిప్పి పంపింది, అతను వెళ్ళి తన పరుపే తీసుకొచ్చాడు. కొత్తగా పెళ్ళయిన జంట కొత్త కాపురానికని కొనుక్కున్న మెత్తటి రగ్గుని ఇద్దరూ చెరో కొసా పట్టుకుని తెచ్చి, పరిచాక కూడా కాసేపు చూస్తూ నిలబడ్డారు.

ప్లాస్టిక్ పట్టా మీద దుప్పట్లు, దుప్పట్ల మీద తడవకుండా టార్పాలిన్లు. వాన మొదలైంది. గాలికి టార్పాలిన్లు ఎగురుతుంటే మూలల్లో ఇటుకలు పెట్టారు. ఇటుకలు చాలని చోట మనుషులు కూచున్నారు. నన్నొక మూల కూచోబెట్టారు. ఆ మూల మళ్ళీ లేవలేదు. నా బరువుకి అంత మర్యాద దక్కడం నేనెప్పుడూ ఎరగను.

అప్పుడే మేనేజరు గొడుగుతో పరుగెత్తుకొచ్చి, గొయ్యి అంచున ఆగిపోయాడు.

"ఇదేంటిది? సైటా, పడగ్గదా?"

"గట్టిగా మాట్లాడకండి సారూ, ఇప్పుడే పడుకుంది" అంది వానమ్మ.

ఇంత మందాన కప్పాక ఫోనుకి అంకెలు అందడం లేదు. దగ్గరికి తీసుకెళ్తేనే కొత్తవి వస్తాయి. వానమ్మ ఆలోచించలేదు, ఫోను పళ్ళ మధ్య పట్టుకుని దుప్పట్ల కిందికి దూరింది. ఒక నల్ల బూటు, ఒక ఆకుపచ్చ బూటు మాత్రం బయట కనిపిస్తున్నాయి.

"పంతొమ్మిదిన్నర!" అని లోపల నుంచి గొంతు.

మేనేజరు గొడుగు ముడిచి, దాన్నే ఒక మూల బరువుగా పెట్టి, తనూ పక్కన కూచున్నాడు. రొట్టెల ఆవిడ ఫ్లాస్కులో టీ తెచ్చి అందరికీ పోసింది. మూల వదలకూడదు కాబట్టి చేతి నుంచి చేతికి కప్పులు నడిచాయి.

కాసేపాగి బూట్లు మళ్ళీ దుప్పట్లలోకి పాకాయి.

"అంతే ఉంది! పెరగలా!"

ఇంకాసేపయ్యాక, "పద్దెనిమిది!" అని కేక. దుప్పట్లు ఒక్కసారి ఎగిరిపడ్డాయి. లోపల ఆవిడ గంతేసిందో ఏమో. మేం కొట్టిన చప్పట్లకి, ఏ ఆటలో ఎవరు గెలిచారో అని పక్క వీధివాళ్ళు పరుగెత్తుకొచ్చారు. వాళ్ళకి విషయం చెప్పేసరికి వాళ్ళు కూడా వెళ్ళి దుప్పట్లు తెచ్చారు, మాకంటే తక్కువ తిన్నామా అని.

అసలు చిక్కు మర్నాడు మొదలైంది. మబ్బు విడిపోయింది, పగలు ఎండ కాసింది. అందరూ దుప్పట్ల కోసం వచ్చారు. వానమ్మ గోతికి అడ్డంగా నిలబడింది.

"ఇప్పుడే తీస్తే మళ్ళీ చలి తగులుతుంది. లోపల వేడి దిగేదాకా కుదరదు."

"రాత్రికి మేమేం కప్పుకోవాలి?" అంది కొత్త పెళ్ళికూతురు.

"కొత్తగా పెళ్ళయిన వాళ్ళకి దుప్పటెందుకే?" అంది వానమ్మ. ఆ పిల్ల చెవులు ఎర్రబడి, మొగుణ్ణి లాక్కుని పారిపోయింది.

సంబడం చూడాలి! చలికాలం నడిమధ్యన రెండు వీధుల్లో ఒక్కరికీ దుప్పటి లేదు. హెడ్మాస్టరుగారు చొక్కా మీద చొక్కా వేసుకుని లావెక్కిపోయారు. మా ఆయన హాల్లో కర్టెను తీసి కప్పుకున్నాడు, రింగులతో సహా. పక్కమీద ఎటు తిరిగినా గలగలమని చప్పుడు. "ఎన్నాళ్ళే ఇది?" అంటే, "మూడో అంకె దిగేదాకా" అన్నాను.

మేనేజరుకి ఇంకో తొందర. "వానమ్మా, గోడలు పోయడానికి సెంట్రింగు చెక్కలు బిగించడం మొదలుపెట్టాలి. మనుషులు ఖాళీగా కూచున్నారు. తీసెయ్యి."

ఆవిడ ఫోను ఆయన మొహం ముందు పెట్టింది. "చాడీలపెట్టె ఒప్పుకోవడం లేదు సారూ. మధ్యలో ఇంకా వేడిగానే ఉంది. కావాలంటే మీరే అడగండి. నా మాట వినరు గానీ దాని మాట వింటారుగా?"

తిరిగొచ్చి పక్కనే నిలబడ్డ థర్మామీటరు పిల్ల నవ్వాపుకోలేక అటు తిరిగింది. మేనేజరు ఆ అంకెలు చూశాడు, ఆ పిల్లని చూశాడు, పెన్సిలు చెవి మీద పెట్టుకుని వెళ్ళిపోయాడు. చాడీలు తన తరఫున చెప్పడం మొదలుపెట్టాక వానమ్మకి ఆ పెట్టెల మీద ఎంత ప్రేమ పుట్టిందో చెప్పలేను. వాటికి దండం పెట్టకపోవడం ఒకటే తక్కువ.

చివరికి పొరపొరగా తీశారు. ఈ రోజు టార్పాలిన్లు, రేపు పరుపులు, ఆ తర్వాత బొంతలు. ప్రతి పొర తీశాక మూడో అంకె చూసి, అది బెదరకపోతేనే తర్వాతది. ఎవరిది ఏదో కలిసిపోయి గంటసేపు పోట్లాట జరిగింది. మా ఆయన ఉన్ని దుప్పటి దర్జీ భుజాన దొరికింది. అన్నిటికీ బూడిదరంగు మరకలు. ఆ మరకల్ని ఎవరూ ఉతికి పోగొట్టాలని చూడలేదు.

అడుగు మీద గోనెలు తీసినప్పుడు వానమ్మ మోకాళ్ళ మీద కూచుని ఈ కొస నుంచి ఆ కొస దాకా చెంప ఆనించి చూసింది. బీట లేదు. అయినా ఆవిడ మొహం విచ్చుకోలేదు. నిండాక కారకపోతేనే గదా గొట్టం దక్కేది.

గోడలు లేచాయి. వాటికీ గోరువెచ్చని నీళ్ళే పట్టింది. లోపల పూత పూయక ముందే పరీక్ష. కొలను నిండా నీళ్ళు నింపి, మెట్టు మీద ఒక బకెట్లో కూడా నీళ్ళు పోసి పెట్టారు. బకెట్లో ఎంత ఆవిరైతే కొలనులో అంతే తగ్గాలి, ఎక్కువ తగ్గితే ఎక్కడో కారుతున్నట్టు. రెంటి మీదా మేనేజరు తన పెన్సిలుతోనే గీత గీశాడు.

ఆ ఎదురుచూపుల రోజుల్లో వానమ్మ పనిలేకుండా కొలను చుట్టూ తిరిగింది. ఎవరైనా నీళ్ళ దగ్గరికి వస్తే చాలు, "చెయ్యి పెట్టకండి, తడి అంటుకుని పోతుంది, నా లెక్క తగ్గుతుంది" అని కసిరేది. పక్షి వచ్చి రెండు గుక్కలు తాగితే దాన్ని కూడా తిట్టింది. "తాగుతాగు, నీ వల్ల నేను ఇసుకలోకి పోవాలి!"

గడువు తీరిన పొద్దున రెండు వీధులూ అక్కడే ఉన్నాయి. మేనేజరు బూట్లు విప్పి, ప్యాంటు మడిచి మెట్టు దిగాడు. బకెట్లో స్కేలు పెట్టి చూశాడు. కొలనులో పెట్టి చూశాడు. మళ్ళీ బకెట్లో చూశాడు.

"చెప్పండి సారూ, గుండె ఆగిపోయేట్టుంది!" అంది వానమ్మ.

"రెండూ ఒకటే" అన్నాడు. "చుక్క కూడా కారలేదు. గొట్టం నీదే వానమ్మా."

వానమ్మ ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. ఎక్కడి నుంచి వచ్చిందో ఆ గొట్టం ఆవిడ చేతిలోకి వచ్చింది, కుళాయి తిరిగింది. ఇంద్రధనుస్సు లాగా నీళ్ళు లేచాయి. ముందు థర్మామీటరు పిల్ల తడిసింది, తర్వాత కమ్ముల మేస్త్రి తడిశాడు, తర్వాత నేను, హెడ్మాస్టరుగారు, రొట్టెల ఆవిడ, అందరం. పరిగెత్తేవాళ్ళు పరిగెత్తుతున్నారు, కావాలని ఎదురెళ్ళేవాళ్ళు వెళుతున్నారు. చివరికి ధార తిరిగి తిరిగి మేనేజరు నడినెత్తి మీద పడింది. చెవి మీది పెన్సిలు కొట్టుకుపోయింది.

"ఇదేంటి వానమ్మా, ఇది కూడా క్యూరింగేనా?" అని అరిచాడాయన, నీళ్ళు ఉమ్ముతూ.

"అవును సారూ! మీరింకా పచ్చిగానే ఉన్నారు. కాస్త గట్టిపడాలి!"

ఆయన తలంతా విదిలించుకుని, నవ్వుతూ, తడవకుండా దాచుకున్న ఫోను తీశాడు. ఏటి అవతల కొత్తగా కట్టబోయే వంతెన సైటుకి చేశాడు. మేమంతా వినేట్టు గట్టిగా చెప్పాడు.

"ఆ నీళ్ళు చిమ్మే గొట్టాల బిగింపు ఆపించండి. వద్దు. సోమవారం పొద్దున మా వానమ్మ వస్తోంది."